ఆసుపత్రిలో ఎజ్జోడికి గది కట్టే ముందు

పాతపట్నం దగ్గర మీ ట్రస్టు 150 పడకల ఆసుపత్రి కడుతోందన్నారు. అటు మెళియాపుట్టి, మందస కొండల్లోని గూడేలు, ఇటు సీతంపేట, భామిని, సరిహద్దు దాటితే ఒడిశా గజపతి జిల్లాలోని సవరలు, అందరికీ అందుబాటులో ఉండే చోటు. మంచి ఎంపిక. అందులో గిరిజన సంప్రదాయ వైద్యానికీ చోటివ్వాలని గ్రౌండ్ ఫ్లోరులో 'గిరిజన వైద్య విభాగం' పేరుతో మూడు గదులు, వెనకాల మూలికల తోట గీయించారు. ఎజ్జోళ్ళకి, అంటే గూడెంలో మందూ మంత్రం రెండూ చూసే సవర వైద్యులకి, నెలజీతం ఇవ్వొచ్చా, చట్టం ఒప్పుకుంటుందా, గోడల నిండా సవర బొమ్మలు వేయిస్తే బాగుంటుందా అని అడిగారు.

ముందు నా సలహా చెప్పేస్తాను. ఆ మూడు గదులూ కొట్టేయండి. ఆ జాగా, ఆ డబ్బు వరండాకి, వంటసాలకి, గూడెం నుంచి ఆసుపత్రికి వచ్చే దారికి పెట్టండి. సంప్రదాయ వైద్యానికి మీరివ్వగలిగిన చోటు అక్కడే ఉంది. నేను ఏజెన్సీ పీహెచ్‌సీల్లోను, తర్వాత పెద్దాసుపత్రిలోను కలిపి ముప్పయ్యేళ్ళు సర్కారు డాక్టరుగా పనిచేశాను. ఈ మాట నాకు మొదట్లో తెలియదు, దెబ్బ తిన్నాకే తెలిసింది.

ఉద్యోగంలో చేరిన రెండో వానాకాలం. పన్నెండేళ్ళ కుర్రాడిని పోడులో రక్తపింజర కరిచింది. మర్నాడు సాయంత్రానికి డోలీలో దించారు. మోకాలి పైన తాడు బిగించి ఉంది, గాటు పెట్టిన చోట ఏదో ఆకు పసరు ఎండిపోయి నల్లగా అట్ట కట్టింది, చిగుళ్ళ నుంచి రక్తం కారుతోంది. మా దగ్గర విషం విరుగుడు సీసాలు నాలుగే ఉన్నాయి. మొదటి డోసుకే ఎనిమిది, పది కావాలి. ఉన్నవి ఎక్కించి జీపులో పంపాను. కుర్రాడు దారిలోనే పోయాడు. వెంట వచ్చిన ఎజ్జోడిని నలభై మంది ముందు నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టాను. నువ్వే చంపావన్నాను.

ఆ వైపు గూడేల నుంచి మాకు ఓపీ రావడం తగ్గిపోయింది. మరుసటి వానాకాలం ఒక్క పాము కేసూ రాలేదు. పాములు కరవక కాదు. ఇద్దరు గూడెంలోనే పోయారని ఏడాది తర్వాత మా హెల్త్ అసిస్టెంటు చెప్పాడు. ఎజ్జోడు ఆసుపత్రికి వెళ్ళొద్దని ఎవరికీ చెప్పలేదట. వెళ్ళమనీ చెప్పలేదు. ఊరికే కూర్చున్నాడు. జనానికి అదే చాలింది.

కందికొత్తల పండగ నాడు ఆ హెల్త్ అసిస్టెంటే నన్ను ఆయన ఇంటికి తీసుకెళ్ళాడు. అరుగు మీద కూర్చోబెట్టి చోడి (రాగి) అంబలి ఇచ్చారు. కుర్రాడి సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేకపోయాను. చాలాసేపటికి ఆయనే అడిగాడు: "రగతం పాడయ్యిందని నీకెలా తెలుస్తాది బావూ?"

నా బ్యాగులో కొత్త గాజు గొట్టాలు ఉన్నాయి. నా చేతి నుంచే రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి ఒకదాంట్లో పోసి అరుగు మీద నిలబెట్టాను. ఇరవై నిమిషాలు ఎవరూ కదపకూడదు. అక్కడున్న పిల్లల్ని ఆయనే అదిలించి దూరంగా కూర్చోబెట్టాడు. ఇరవై నిమిషాలయ్యాక గొట్టం తలకిందులు చేశాను. రక్తం జారలేదు, జున్నుముక్కలా అడుక్కి అతుక్కుని ఉంది. పింజర కరిచినవాడి రక్తమైతే నీళ్ళలా కారిపోతుందని చెప్పాను. ఆయన గొట్టం తీసుకుని వెలుతురుకి పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. గాజుదే ఎందుకు, ప్లాస్టిక్‌ది పనికిరాదా అని అడిగాడు. పనికిరాదు, సబ్బుతో కడిగిన గాజుదీ పనికిరాదు, గాజు తగిలితేనే రక్తం సరిగ్గా గడ్డ కడుతుంది అన్నాను. మెడికల్ కాలేజీలో ఇంత సూటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

రెండు నెలలకి నిజం కేసు వచ్చింది. కరిచిన గంటన్నరలో తెచ్చారు, తెచ్చింది ఆయనే. ఈసారి గొట్టం ఆయన చేతికే ఇచ్చాను. ఇరవై నిమిషాలకి వంచితే రక్తం గొట్టం అంచుదాకా పారింది. "నా ఏరుమందు దీన్ని గట్టి సెయ్యలేదు" అన్నాడు. కాసేపాగి, "మరి నా మంతరం?" అన్నాడు.

"జీపులో సదువు" అన్నాను.

ఆ రోజు నుంచి ఆ గూడేల వరకు మా ఒప్పందం అదే. పాము కరిస్తే తాడు బిగించడం లేదు, గాటు లేదు, నోట్లో ఏదీ పోయడం లేదు. కట్లపాము కరిస్తే కనురెప్పలు వాలిపోతాయి, మింగడం పోతుంది, అప్పుడు పసరు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇది ఆయనకి ఒక్కసారే చెప్పాను. కట్లపాము కాటుకి గొట్టం పరీక్షలో ఏమీ తెలియదని, రెప్పలు చూడాలని కూడా చెప్పాను. కరిచిన కాలు కదలకుండా కర్ర కట్టి, వెంటనే బండెక్కించి, మంత్రం దారిలో చదువుకోవడం. బదులుగా నేనిచ్చినవి మూడు: వార్డులో మంచం పక్కన ఆయన కూర్చోడానికి స్టూలు, మా స్టాఫ్ ఎవరూ ఆయన్ని 'నాటోడు' అని చులకన చేయకపోవడం, రోగిని ఇంటికి పంపేటప్పుడు జాగ్రత్తలు ఆయనకీ చెప్పడం. వీటిలో ఏదానికీ గది అక్కర్లేకపోయింది.

మీ ప్లాన్ దగ్గరికి వద్దాం. కొండ మీద జబ్బు చేసినవాడిని మొదట ముట్టుకునేది ఎజ్జోడో, దిసరో (గూడెం పూజారి), మంత్రసానో. మీ డాక్టరు ముట్టుకునేది రెండోసారో మూడోసారో. ఈ రెండింటి మధ్య ఎంత సమయం పోయిందన్న దాని మీదే బతుకు ఉంటుంది. ఎజ్జోడిని తెచ్చి మీ గ్రౌండ్ ఫ్లోరులో కూర్చోబెడితే గూడెంలో ఆ మొదటి చెయ్యి లేకుండా పోతుంది. ఆయన విలువ ఆయన ఉన్న చోటిదే. కాబట్టి ఒక్కో గూడెంలో ఎవరి మాట చెల్లుతుందో తెలుసుకోండి. వాళ్ళ దగ్గర మీ నంబరు ఉండాలి, వాళ్ళు ఫోన్ చేస్తే రాత్రి రెండింటికైనా పేరు పెట్టి మాట్లాడే మనిషి ఉండాలి. సిగ్నల్ లేని గూడేలకి ఏ మిట్ట ఎక్కితే సిగ్నల్ వస్తుందో కూడా రాసి పెట్టుకోండి. నవ్వకండి, మా దగ్గర ఆ లిస్టు ఉండేది. 108 రాలేని చోటికి బైకు అంబులెన్సు, అదీ ఎక్కలేని చోట డోలీ మోసేవాళ్ళకి కూలి, ఈ ఖర్చు మొదటి రోజు నుంచే మీ బడ్జెట్‌లో ఒక పద్దుగా ఉండాలి. నెలలు నిండిన గర్భిణులు పది పదిహేను రోజులు ముందే వచ్చి ఉండే వసతి గృహం సాలూరులో ఐటీడీఏ (సర్కారు గిరిజనాభివృద్ధి సంస్థ) నడిపి చూపించింది. అలాంటిది మీ ఆవరణలో కట్టండి, తోడుగా వచ్చే మంత్రసానికీ అందులో మంచం వేయండి.

జీతం గురించి. ఇవ్వొద్దనే అంటాను. అమెరికాలోని అలాస్కాలో, ఆంకరేజ్ నగరంలో సౌత్‌సెంట్రల్ ఫౌండేషన్ అనే సంస్థ మూలవాసుల వైద్యాన్ని మామూలు ఆసుపత్రి సేవలతో పాటే నడుపుతోంది. అక్కడ సంప్రదాయ వైద్యులు ఉద్యోగులే. ఆ ఉదాహరణ చూపించి మనమూ అలా చేద్దాం అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ ఆ సంస్థ అలాస్కా మూలవాసులదే. వైద్యం పొందేవాళ్ళని వాళ్ళు యజమానులనే పిలుస్తారు. ఎవరు వైద్యుడో ఎవరు కాదో తేల్చేది వాళ్ళ పెద్దలే. మీ ట్రస్టు బోర్డులో సవర మనిషి ఒక్కరైనా ఉన్నారా? లేకుండా జీతం ఇస్తే ఎజ్జోడు మీ అవుట్‌సోర్సింగ్ ఉద్యోగి అవుతాడు. గూడెంలో ఆయన మాట పలుచబడుతుంది. పైగా జీతం ఉందని తెలిసిన మర్నాటికి పాలకొండ నుంచి పాతపట్నం దాకా ప్రతి బస్టాండులోనూ ఒక ఎజ్జోడు పుట్టుకొస్తాడు. దానికి బదులు మీటింగుకి పిలిచిన రోజు కూలి, బస్సు ఖర్చు, రోగితో వచ్చినప్పుడు రెండు పూటలా భోజనం, పడక ఇవ్వండి. ఇది ఆయన్ని కొనడం కాదు, ఆయన పని పోగొట్టుకోకుండా చూడటం.

చట్టం సంగతి. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆయుష్ డాక్టరుని వేస్తే గిరిజన వైద్యాన్ని చేర్చినట్టే అనుకుంటారు. ఆయుర్వేదం, సిద్ధ, యునానీ గ్రంథాలున్న వైద్యాలు, వాటికి కాలేజీలు, రిజిస్ట్రేషన్లు ఉన్నాయి. ఎజ్జోడిది నోటిమాటగా వచ్చిన విద్య. ఆయుర్వేద డాక్టరుకి సవర వైద్యం గురించి మీకెంత తెలుసో అంతే తెలుస్తుంది. మీ ఆసుపత్రిలో ఆయుష్ ఓపీ పెట్టుకోండి, మంచిదే, కానీ దాని పేరు అదే ఉండాలి. ఎజ్జోడు మీ కప్పు కింద మందివ్వడం, కేస్ షీట్‌లో రాయడం కుదరదు. ఏదైనా జరిగితే బాధ్యత మీది, జైలుకి వెళ్ళేది ఆయన. క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వాళ్ళు సంప్రదాయ వైద్యుల నైపుణ్యం పరీక్షించి స్వచ్ఛందంగా సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ఒకటి పెట్టారు. అది గౌరవానికి పనికొస్తుంది, డాక్టరు లైసెన్సుతో సమానం కాదు. ఇంకొకటి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు సీతంపేట, భామిని మన్యం జిల్లాలోకి వెళ్ళాయి. శ్రీకాకుళం జిల్లాలో మిగిలిన మెళియాపుట్టి, మందస గూడేలు షెడ్యూల్డ్ ప్రాంతంలో లేవు. అంటే 1996 నాటి పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) ప్రకారం గ్రామసభను అడగాల్సిన పని మీకు అక్కడ లేదు. అయినా అడగండి. చట్టం అడగమనలేదు కదా అని వదిలేస్తే అది వాళ్ళకి ఇరవయ్యేళ్ళు గుర్తుంటుంది.

భవనం గురించి మీ ఆర్కిటెక్టుతో కొంచెం గట్టిగా మాట్లాడాలి. గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఆసుపత్రి పెట్టే ముందు గోండులను అడిగారు. పెద్ద భవనాలు చూస్తే భయం వేస్తుందని, డాక్టర్లు, నర్సులు తెల్లబట్టలు వేసుకుంటారు, మేము శవానికి కప్పేది ఆ తెల్లబట్టే అని వాళ్ళు చెప్పారు. రోగి పక్కన ఇంటివాళ్ళు ఉండనివ్వరన్నది ఇంకో ఫిర్యాదు. ఆ మాటలు విని గుడిసెల్లాంటి వార్డులు కట్టారు, ఆసుపత్రికి దంతేశ్వరి అమ్మవారి పేరు పెట్టారు. మన దగ్గర అడిగితే వేరే జవాబులు రావచ్చు, అడగడమే ముఖ్యం. నాకు తెలిసి ఇక్కడ ఒక్క రోగితో ఎనిమిది మంది వస్తారు. మన ఆసుపత్రులన్నీ ఒక్క అటెండెంటు పాసు లెక్కన కడతారు. మిగిలిన ఏడుగురు మెట్ల మీద పడుకుంటారు, సెక్యూరిటీ వాడు రాత్రికి మూడుసార్లు లేపుతాడు, మూడో రోజుకి రోగిని తీసుకుని చెప్పకుండా వెళ్ళిపోతారు. మా రిజిస్టర్లో దాన్ని 'పరారీ' అని రాసేవాళ్ళం. ఎంత అన్యాయమైన మాట! వార్డులన్నీ నేల మీదే, ప్రతి వార్డుకీ రెండు వైపులా పది అడుగుల వరండా, కూర్చోడానికి అరుగు. లిఫ్టు ఎక్కాల్సిన చోట గర్భిణుల వార్డు పెట్టకండి.

వంటసాల నా మాటల్లో అన్నిటికంటే ముందుండాలి. కెనడాలో ఒంటారియో ఉత్తరాన సూ లుకౌట్ అనే చిన్న ఊళ్ళో మెనో యా విన్ అనే 60 పడకల ఆసుపత్రి 2010లో తెరిచారు. అంతకుముందు ఆ ఊళ్ళో మూలవాసులకొకటి, మిగతావాళ్ళకొకటి రెండు ఆసుపత్రులుండేవి, వాటిని కలిపేశారు. ఆ ఆసుపత్రి మూలవాసుల సంప్రదాయానికిచ్చిన చోటులో తిండి ఒక పెద్ద భాగం. వేటాడి తెచ్చిన జింక మాంసం, చేప వండి పెట్టడానికి ప్రత్యేకంగా ఏర్పాటు చేసుకున్నారు. మనకి దుప్పి మాంసం అక్కర్లేదు, వన్యప్రాణి చట్టం కూడా ఊరుకోదు. చోడి అంబలి చాలు. సామ అన్నం, కందిపప్పు, పనస కూర. ఆపరేషన్ అయిన మూడో రోజు సవర ముసలమ్మ ముందు ఇడ్లీ పెడితే తినక, బలం తగ్గి, గాయం మానక, పది రోజులు ఎక్కువ ఉంటుంది. ఇది నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. చుట్టాలు వండుకోడానికి కట్టెల పొయ్యిలతో ఒక షెడ్డు, పక్కన నీళ్ళు ఉంటే ఇంకా మేలు.

ధూపం, పూజ సంగతి ఎలాగూ వస్తుంది. మెనో యా విన్‌లో ఆకులు కాల్చి పొగ వేసే ఆచారానికి గాలి బయటికి లాగే ఏర్పాటుతో గది కట్టారు. మన ఎండలకి, మన కరెంటుకి ఆ గది నాలుగు రోజులు నడుస్తుంది, ఐదో రోజు ఫ్యాను పాడవుతుంది. ఆవరణలో వార్డుకి యాభై అడుగుల దూరంలో ఒక చింతచెట్టో, పనసచెట్టో ఉంచి, దాని చుట్టూ మట్టి అరుగు వేయండి. ఆక్సిజన్ పైపులు వెళ్ళే వార్డుల్లో నిప్పు లేదు, అగరుబత్తి కూడా లేదు, ఇందులో బేరం లేదు. మంచం దగ్గర చేతికి దారం కట్టుకుంటామంటే కట్టుకోనివ్వండి. సెలైన్ పెట్టే చెయ్యి కాకుండా రెండో చేతికి కట్టమంటే చాలు, ఎవరూ కాదనరు. కోడి కోయాలంటే గూడెంలోనే, డిశ్చార్జి అయ్యాక. ఇది నేను పెట్టిన నియమం కాదు, ఎజ్జోళ్ళతో కూర్చుని మాట్లాడితే వాళ్ళే చెప్పింది. వాళ్ళ దేవుళ్ళు అక్కడే కదా ఉండేది.

కాన్పు వార్డులో ఇంకో సంగతి. కొన్ని కుటుంబాలు మావి అడుగుతాయి, ఇంటి దగ్గర పాతుకోడానికి. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం అది పసుపు రంగు సంచిలో వెళ్ళాల్సిన వస్తువు. న్యూజీలాండ్ మావోరీల భాషలో మావికి, నేలకి ఒకటే మాట, వెనువా అంటారు. అక్కడి ఆసుపత్రులు అడిగిన కుటుంబానికి మావి ఇచ్చేస్తాయి. మీరు సొంతంగా ఇచ్చేయకండి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతికి కాయితాలు పెట్టేటప్పుడే ఈ ప్రశ్న రాతపూర్వకంగా అడగండి. తర్వాత అడిగితే ఎవరూ సంతకం పెట్టరు.

సవర బొమ్మలు. మీ ఉద్దేశం మంచిదే, కానీ ఆగండి. ఎడిసింగ్ అని మనం చెప్పుకునే ఆ గోడ చిత్రాలు అలంకారానికి పుట్టినవి కావు. ఇంట్లో ఎవరికో జబ్బు చేసినప్పుడు, పంట కోసం, చనిపోయిన పెద్దల కోసం, ఎవరు వచ్చి ఉన్నారో చెప్పించుకుని వాళ్ళకి ఇల్లుగా గోడ మీద గీసేవి. ఆ బొమ్మలోని గీతల మధ్య ఎవరో ఒకరు ఉంటారన్నది నమ్మకం. మీరు క్యాజువాలిటీ గోడ మీద, అదీ విశాఖ నుంచి కాంట్రాక్టరుని పిలిచి వేయిస్తే, సవర ముసలాయన అది చూసి ఎవర్ని పిలిచి కూర్చోబెట్టారు ఇక్కడ అనుకుంటాడు. ఇప్పుడు చీరల మీద, చేతి సంచుల మీద కూడా అవి వస్తున్నాయి, గూడేల్లోని కుర్రాళ్ళే గీసి అమ్ముకుంటున్నారు కూడా, కాబట్టి అందరూ అభ్యంతరం చెప్తారనను. ఏ గోడ, ఏ బొమ్మ, ఎవరు గీయాలి అన్నది మాత్రం వాళ్ళనే తేల్చమనండి. వద్దంటే సున్నం వేసి ఊరుకోండి.

ఇక మూలికలు. మీరు దీంతో మొదలుపెట్టారు, నేను చివరికి తెచ్చాను, కావాలనే.

ఆదివాసుల ఎరుక లేకుండా మన ఫార్మసీయే లేదు. మీ ఫ్రిజ్‌లో పెట్టబోయే పాము విషం విరుగుడునే చూడండి. దేశంలో దాని తయారీకి కావాల్సిన విషంలో ఎక్కువ భాగం తమిళనాడు ఇరుళ గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తోంది. 1978లో పెట్టుకున్నారు ఆ సంఘాన్ని. తరతరాలుగా పాముల్ని పట్టిన తెగ, వాళ్ళ చేతి నేర్పే ఆ సీసాలో ఉంది. పాములు పట్టే ఇద్దరు ఇరుళలకి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఎజ్జోళ్ళతో పాము కాటు గురించి మాట్లాడేటప్పుడు నేను ఈ కథతోనే మొదలుపెట్టేవాడిని. "ఇదీ మన కొండోళ్ళ మందే" అంటే వాళ్ళు సీసాని చూసే చూపే మారిపోయేది. సర్పగంధి వేరు నుంచి 1952లో రిసర్పిన్ అనే రక్తపోటు మందు తీశారు. నేలవేము, కొడిసపాల చెక్క, నల్లేరు, వీటి మీద పరిశోధనలు బోలెడు.

కానీ ఇది శ్రీకాకుళం జిల్లా. ఉద్దానంలో వేలమందికి కిడ్నీలు పోతున్నాయి, ఎందుకో ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరవాల్సి వచ్చింది. ఇలాంటి చోట కిడ్నీ మీద పడే ఏ చిన్న దెబ్బనీ తేలిగ్గా తీసుకోకూడదు. పాము కాటుకీ, కడుపునొప్పికీ వాడే నల్లఈశ్వరి వేరు ఉంది. ఆ జాతి మొక్కల్లో అరిస్టలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది కిడ్నీలను ఎండబెట్టేస్తుంది, మూత్రనాళాల్లో కాన్సరు తెస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి మూలికల గుళికలు మింగిన ఆడవాళ్ళు పదుల సంఖ్యలో కిడ్నీలు పోగొట్టుకున్నారు. ఆ గుళికల్లో పొరపాటున కలిసింది ఈ జాతి మొక్కే. ఉద్దానం జబ్బుకి ఇదే కారణమని నేననడం లేదు, అక్కడి కథ వేరు. మీ తోటలో మాత్రం ఈ మొక్క పెట్టి పక్కన 'విషహరి' అని బోర్డు రాయకండి అంటున్నాను. అడవినాభి కూడా అంతే. పొత్తిదుంప అని కూడా అంటారు. ఎర్రటి పువ్వు చూడ్డానికి ఎంత బాగుంటుందో దుంప అంత విషం. ఆర్ఎంపీలు పొట్లాల్లో కట్టిచ్చే నొప్పి మాత్రలూ కిడ్నీని ఇలాగే తింటాయి, వేర్లని మాత్రమే తిట్టడం న్యాయం కాదు.

అందుకే తోటకంటే ముందు ఒక రిజిస్టర్ పెట్టండి. మా దగ్గర దాన్ని పసరు పుస్తకం అనేవాళ్ళం. అడ్మిట్ అయిన ప్రతి ఒక్కరినీ "ఏం తాగావు, ఎన్నాళ్ళు, ఎవరిచ్చారు" అని అడగాలి, తిట్టకుండా. కామెర్లకి చేతి మీద వాత పెట్టించుకుని వచ్చినవాడిని చూసి నర్సు మొహం చిట్లించిందంటే ఆ వార్డులో ఇంకెవరూ నిజం చెప్పరు. ఆకు దొరికితే పాత పేపరు మధ్య పెట్టి నొక్కి ఎండబెట్టి, నంబరు వేసి, గుర్తుపట్టడానికి ఆంధ్రా యూనివర్సిటీ వృక్షశాస్త్రం వాళ్ళకి పంపాలి. వేర్లు వాడిన ప్రతి ఒక్కరికీ కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయాలి. ఏ మొక్క వాడినవాళ్ళకి ఏమైందో రెండేళ్ళలో మీకే తెలుస్తుంది. ఎజ్జోళ్ళతో కూర్చుని ఆ పుస్తకం చదవండి. ఫలానా వేరు తాగిన ముగ్గురికి ఉచ్చ ఆగిపోయిందని పుస్తకంలో చూపిస్తే ఆపేసిన పెద్దమనుషులు నాకు తెలుసు. నేను ఉపన్యాసం ఇచ్చినప్పుడు ఆపినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆ పుస్తకం ఎవరిదన్న ప్రశ్న మొదటి రోజే తేల్చండి. కేరళ కాణి తెగవాళ్ళు 1987లో అడవిలో శాస్త్రవేత్తలకి ఆరోగ్యపచ్చ మొక్క చూపించారు. దాంతో జీవని అనే మందు తయారై లైసెన్సు అమ్మాక ఆ సొమ్ములో సగం కాణివాళ్ళకి ఇచ్చారు. దేశమంతా చెప్పుకున్న కథ అది. కానీ ఆ డబ్బు తీసుకోడానికి కాణివాళ్ళకి ఒక ట్రస్టు ఏర్పడేదాకా ఆగాల్సి వచ్చింది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ఊరి జీవవైవిధ్య కమిటీ ఒకటి ఉండాలి. మీ పుస్తకం నకలు ఆ కమిటీ దగ్గర ఉండాలి, వాళ్ళ ఒప్పుకోలు లేకుండా ఒక్క పేజీ కూడా ఏ కంపెనీకీ, ఏ పీహెచ్‌డీ విద్యార్థికీ పోకూడదు. ఎజ్జోడు మందు పేరు చెప్పనంటే బలవంతం చేయకండి. చాలామంది చెప్పరు, చెప్తే పని చేయదంటారు. మనకి కావాల్సింది రోగి ఏం తాగాడన్నది మాత్రమే.

ఒక విషయంలో మాత్రం మెత్తబడకండి. జబ్బుకి కారణం ఫలానా మనిషి చేసిన చిల్లంగి (చేతబడి) అని వేలు చూపించే వైద్యుడిని మీ గేటు లోపలికి రానివ్వకండి, ఎంత పేరున్నవాడైనా సరే. ఆ మాట వల్ల ముసలివాళ్ళని కొట్టి చంపిన కేసులకి పోస్ట్‌మార్టం నేను చేశాను. సంప్రదాయాన్ని గౌరవించడం అంటే ఇదీ కలిపి అనుకునే మంచివాళ్ళు కొందరుంటారు. ఇది వేరు. దేవుడికి కోపం వచ్చిందంటే కోడితో పోతుంది, పక్కింటి ముసలమ్మ చేసిందంటే ఆమె ప్రాణంతో పోతుంది. సికిల్ సెల్ పిల్లలకి ఒళ్ళంతా నొప్పులు మాటిమాటికీ వస్తుంటాయి, అనుమానం అక్కడే పుడుతుంది. ఒక్క రక్తపరీక్షతో ఆ ముసలమ్మ బతుకుతుంది. మీ ల్యాబులో ఆ పరీక్ష మొదటి నెల నుంచే ఉండాలి.

భాష గురించి పాతపట్నంలో కూర్చుని నేను చెప్పాలా? పక్కనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు బడి పంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, వాళ్ళ భాషలో పుస్తకాలు, నిఘంటువు రాశారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి చెవుడు వచ్చిందంటారు. ఆయన చెవులు పోగొట్టుకుని నేర్చిన భాష మన ఓపీ చీటీ కౌంటరులో ఒక్కరికీ రాదు. సవర తెలుగులాంటిది కాదు, ముండా కుటుంబానికి చెందినది. నొప్పి పోటుగా ఉందా, లాగుతోందా, మండుతోందా అన్నది దుబాసీ లేకుండా తెలియదు. షిఫ్టుకి ఇద్దరు సవర మాట్లాడే ఆడవాళ్ళని జీతమిచ్చి పెట్టుకోండి. పదో తరగతి చదివితే చాలు. జీతం ఇవ్వాల్సింది వీళ్ళకి. ఆశా కార్యకర్తని ఊరికే పిలిచి వాడుకోవద్దు.

సంత రోజున ఓపీ సాయంత్రం ఆరు దాకా నడపండి. సంతకి దిగినవాళ్ళే ఓపీకి వస్తారు, చీటీ కోసం ఇంకో రోజు దిగరు.

చివరగా మార్చురీ. మీ ప్లాన్‌లో అది వెనక, జనరేటరు షెడ్డు పక్కన ఉంటుందని పందెం కాస్తాను. అందరూ అక్కడే పెడతారు. దాని ముందు ఇరవై మంది కూర్చుని ఏడవడానికి నీడ ఉండాలి, బండి నేరుగా గుమ్మం దాకా రావాలి, శవాన్ని గూడెం దాకా చేర్చే బండి మీదే అయ్యుండాలి. డబ్బుల్లేక శవాన్ని భుజాన మోసుకెళ్ళిన కుటుంబం మళ్ళీ మీ గేటు ఎక్కదు, వాళ్ళ ఎజ్జోడు ఎవరినీ ఎక్కనివ్వడు. మారిన డ్రాయింగు పంపండి, తప్పకుండా చూస్తాను. ముందు చూసేది మార్చురీ ఎక్కడుందనే.